బుధవారం గోళ్ళు

మొదటి రోజు గుమ్మంలోనే ఆపింది ఎర్నమ్మ:
"వాలంటీరంటే పింఛను అట్టుకొచ్చీవోలు కదేటి,
నువ్వేటి అట్టుకొచ్చినావు?"
సంచిలోంచి తీసి చూపించాను:
రెండు నెయిల్ కట్టర్లు, ఒక ప్లాస్టిక్ టబ్బు,
కొబ్బరినూనె సీసా.
"ఇదా!" అని ఒక నవ్వు నవ్వింది,
పళ్ళు లేని నోరు మొత్తం తెరిచి.

ఆ వేళ శనివారం.
శనివారం గోళ్ళు తీస్తే ఇంటికి అరిష్టమని
పద్ధెనిమిది మందిలో ఒక్కరూ చెయ్యి చాపలేదు.
టీ తాగి, క్యారమ్ బోర్డు దులిపి పెట్టి, వచ్చేశాను.

బుధవారమైతే అభ్యంతరం లేదన్నారు.
మందుల షాపు ఓనరుని బతిమాలి
బుధవారం మధ్యాహ్నాలు అడిగి పుచ్చుకున్నాను.
విజయనగరం నుంచి నెల్లిమర్లకు షేర్ ఆటో,
డ్రైవరు పక్కన సగం సీటు,
ఒళ్ళో టబ్బు.

ఈ వృద్ధుల పగటి కేంద్రం
ఒకప్పుడు మిల్లు కార్మికుల రేషన్ డిపో.
"పంచదార నిల్వ లేదు" అనే అక్షరాలు
ఎన్నిసార్లు సున్నం వేసినా గోడ మీదికి తేలుతూనే ఉంటాయి.

ఇక్కడి గోళ్ళు మామూలు గోళ్ళు కావు.
ముప్పయ్యేళ్ళు గోగునార పీచు లాగిన వేళ్ళవి.
గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానితే గాని
కట్టరు పళ్ళకు లొంగవు.
తవుడు తాత కుడిచేతికి మూడే తియ్యాలి.
మిగతా రెండూ మెషీను తినేసిందట.
"నీకు పని తగ్గించినాది గదే" అంటాడు.
గురువులు గారు చిటికెన వేలు మాత్రం ముట్టుకోనివ్వరు.
కండె మీద పోగు కొస వెతకడానికి పెంచిన గోరది.
మిల్లు మానేసి పంతొమ్మిదేళ్ళయింది.
"ఉండనీ అమ్మా, అలవాటు" అంటారు
ఆ ఒక్క వేలినీ పిడికిట్లో దాచుకుంటూ.

చాలామందికి వినపడదు.
మగ్గాల హోరు చెవులు పట్టుకుపోయింది.
నేను అరుస్తాను, గొంతు నొప్పెట్టేదాకా అరుస్తాను.
వాళ్ళు మాత్రం ఆ మూల నుంచి ఈ మూలకు
చప్పుడు లేకుండా కబుర్లాడుకుంటారు.
పిడికిలి రెండుసార్లు తిప్పితే, కండె అయిపోయింది.
బొటనవేలు పెదవికి తగిలిస్తే, టీ.
చెంప మీద అరచెయ్యి వేస్తే, మేస్త్రీ వస్తున్నాడు.
ఇప్పుడు మేస్త్రీ లేడు,
బీపీ చూసే నర్సు వస్తోందని అర్థం.
చూపుడువేలూ మధ్యవేలూ కలిపి
ఠక్కున విడదీస్తే
పోగు తెగింది.

ఇవేవీ నాకెవరూ నేర్పలేదు.
తలొంచుకుని పీట మీద కూర్చున్నదానికి
చేతులే కదా కనపడేది.

శ్రావణంలో ఒక బుధవారం
గురువులు గారి కుర్చీ గోడవైపు తిప్పి ఉంది.
"ఈయనేరీ?" అని అరిచాను.
సూరపమ్మ ఒళ్ళోంచి చెయ్యెత్తి
రెండు వేళ్ళు కలిపింది.
విడదీసింది.

నేనప్పుడు తవుడు తాత ఎడమకాలి బొటనవేలి దగ్గరున్నాను.
సగం తెగిన గోరు.
ఆపాలో తియ్యాలో తెలియక
కట్టరు అలాగే పట్టుకుని ఉండిపోతే
తాత మోకాలితో నా భుజం పొడిచి
మూడు వేళ్ళ చేత్తో ఎప్పుడూ చూడని సైగ ఒకటి చేశాడు:
నాలుక తడి అద్ది, నలిపి, మెలితిప్పి,
ముందుకు తోసెయ్యడం.
"ఏటది?"
నాకే చెవుడున్నట్టు నా చెవిలో అరిచాడు:
"అతికీసి మగ్గం ఒగ్గీ! ఆగినావంటే కూలి కోసెస్తారు."

అతకడం నాకు రాదు.
ఆ గోరు పూర్తి చేశాను.
తర్వాత ఎర్నమ్మవి, తర్వాత సూరపమ్మవి.
నీళ్ళు చల్లారిపోయినా ఎవరూ ఏమీ అనలేదు.
ఊడ్చిన గోళ్ళు చేటలో
ఎప్పటిలాగే గలగలమన్నాయి.

మర్నాడు షాపులో ఎవరో షుగరు మాత్ర అడిగితే
డ్రాయరు వెతికి వచ్చి
రెండు వేళ్ళు కలిపి విడదీశాను.
ఆయన తెల్లబోయి చూశాడు.
"స్టాకు లేదండీ" అన్నాను,
కొంచెం గట్టిగానే.